ఒంటరి మనిషికి తగిన గది

సంచి సగం సర్దాక మేనకోడలు అందులోంచి ఒక రబ్బరు దిమ్మ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేమిటత్తా? చెప్పు మడమ ఊడిందా?"

"తలుపు కింద పెట్టుకునేదే. పరాయి ఊళ్ళో తలుపులు గాలికి కొట్టుకుంటాయి."

"కళ్ళజోళ్ళ ఫ్రేములు అమ్ముకునేదానివి, నిన్నెవరు ఎత్తుకుపోతారమ్మా!" అని ఆ పిల్ల నవ్వి, దిమ్మను మళ్ళీ సంచిలో దోపింది.

బయటినుంచి ఎవరైనా తలుపు నెడితే ఆ దిమ్మ వీధి చివరిదాకా వినబడేలా కూత పెడుతుందని దానికి తెలీదు. నల్ల ఫ్రేము అంచుల్లో అతికించిన సన్నటి అద్దాల్లో వెనక నడిచేవాళ్ళు కనబడతారని కూడా తెలీదు. అత్త కళ్ళజోళ్ళ కంపెనీ ప్రతినిధి. ఊళ్ళు తిరుగుతుంది, వారంలో వచ్చేస్తుంది. ఇంట్లో తెలిసింది అంతవరకే. ఆఫీసులో ఆమె పేరు పిచ్చుక.

పిచ్చుక రెండు జతల బట్టలు మడత పెట్టింది. వెళ్ళేవాళ్ళ సంచి తేలిగ్గా ఉండాలి. బరువంతా ఎటూ సాగనంపేవాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఈసారి మాత్రం అది తిరగబడింది. వెళ్ళే మనిషి గుండెలోనే బండరాయి పడింది.

"రెండ్రోజులు మీ స్నేహితురాలి ఊరు వెళ్ళి రారాదుటే?" అంది, ఏమీ ఎరగనట్టు.

"ఎలా వెళ్ళను? ఈ వారమంతా సాయంత్రం డ్యూటీ. ఆస్పత్రికి ఓ నిమిషం ఆలస్యమైతే చాలు, పెద్ద నర్సు నా తోలు వలిచి డప్పు కట్టిస్తుంది."

"ఒంట్లో బాగాలేదని చెప్పు."

"అబద్ధమాడితే కళ్ళు పోతాయని చిన్నప్పుడు నువ్వేగా భయపెట్టావు?"

"పోతే పోనీ, కళ్ళజోడు నేనిస్తాగా."

పిల్ల పకపకా నవ్వింది. పిచ్చుక కూడా నవ్వింది. నవ్వకపోతే ఏడుపొస్తుంది. ఈ ఊళ్ళో ఎక్కడో ఒకచోట టైంబాంబు కూర్చుని ఉంది. రేపు సాయంత్రం పేలుతుంది. అది ఆమెకు తెలుసు. తెలిసి కూడా కన్నబిడ్డలా పెంచినదానితో 'పారిపోవే తల్లీ' అనడానికి వీల్లేదు. ఉద్యోగంలో చేరిన రోజు చేసిన ప్రమాణం అలాంటిది.

సంచి మూత పడ్డాక పిల్ల గొంతు మారింది. "అత్తా, ఈసారి అమ్మ ఉండే ఊరేగా? నాన్న పోయాక అక్కడే పాతుకుపోయింది. ఆ సెంటు సీసాలు ఎవరికో అప్పజెప్పి రమ్మను. వెంటబెట్టుకునే రా."

"చూస్తాలే."

"చూస్తాలే కాదు, తీసుకొస్తానను."

పిచ్చుక అనలేదు. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు ఎవరికీ ఏ మాటా ఇవ్వకూడదనేది ఆమె ఒక్కతీ పెట్టుకున్న నియమం.

ఆ పొద్దున పెద్దాయన గదిలో బ్రీఫింగ్ పది మాటల్లో అయిపోయింది. పెద్దాయనంటే ఆఫీసుకు చీఫ్. ఎదురుగా ఉన్నవాళ్ళని కాకుండా గోడను చూస్తూ మాట్లాడతాడు.

"రేపు సాయంత్రం ఆరు దాటాక మన రేవులో పేలుడు. విదేశీ ముఠా పని. ఎక్కడ పెట్టారో తెలీదు. టైమర్ తయారుచేసిన గడియారాలాయన మనసు మార్చుకున్నాడు. మన మనిషి ఒక్కరే ఎదురుగా వస్తే నోరు విప్పుతాడట. మధ్యాహ్నం తర్వాతే దుకాణం తెరుస్తాడు. తమలో ద్రోహి ఉన్నాడని ముఠాకు అనుమానం. ఎవరో మాత్రం తెలీదు."

"చెప్పింది మీకు చేరవెయ్యడం?"

"అక్కడినుంచి మనకు నేరుగా ఉన్న లైను ఒక్కటే. మీ వదిన సెంటు షాపులో. ట్రంకాల్ నమ్ముకుంటే మర్నాడు దొరుకుతుంది."

"హోటల్?"

"నువ్వే చూసుకో. నాక్కూడా చెప్పకు."

ఆ నగరంలో రెండేళ్ళలో ముగ్గురు పోయారు. ఎవరి హోటల్ వాళ్ళే ఎంచుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. ముగ్గురూ గది లోపల, స్నానాలగది గుమ్మంలో పడి ఉన్నారు. తలుపుకు లోపలివైపు దిమ్మ పెట్టినది పెట్టినట్టే ఉంది. గుండెపోటని డాక్టర్లు రాశారు. చివరి ఇద్దరూ పిచ్చుక అన్నయ్య దగ్గర ట్రెయినింగ్ అయినవాళ్ళు. మొదటివాడు అన్నయ్యే.

"ఎవరికీ చెప్పని గదిలోకి మృత్యువు ముందే వెళ్ళి ఎలా కూర్చుంటోంది, పిచ్చుకా?" అని పెద్దాయన గోడనడిగాడు.

విమానం దిగేసరికి ఆ నగరంలో పొద్దెక్కింది. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో ఫ్రేముల పెట్టె. ఒంటరి ఆడమనిషి పెట్టె పట్టుకుని సాయంత్రందాకా వీధులు తిరిగితే నలుగురి కళ్ళూ పడతాయి. ముందు గది కావాలి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు హోటల్ ఎలా ఎంచుకోవాలో అన్నయ్య క్లాసులో పాఠంలా చెప్పేవాడు. కింది అంతస్తు వద్దు, కిటికీలోంచి దూరతారు. పై అంతస్తు వద్దు, మంటలొస్తే దిగలేవు. మెట్లకీ లిఫ్టుకీ దగ్గరగా ఉండాలి గానీ వరండా చివర ఉండకూడదు. నీ గది నంబరు బిగ్గరగా చదివే గుమస్తా ఉన్నచోట ఒక్క క్షణం నిలబడకు. వీధిలో దీపాలు చూడు. తలుపుకు గొలుసు చూడు. "మంచి హోటల్ అంటే మెత్తటి పరుపు కాదర్రా, నీ అరుపు నలుగురికి వినబడే చోటు" అనేవాడు.

స్టేషను పక్క హోటల్ గుమ్మంలోనే పిచ్చుక ఆగిపోయింది. గుమస్తా గొంతు మైకు మింగినట్టుంది. "అయ్యగారికి పద్నాలుగు! ఒక్కరే! కింద, ఆఖర్న!" ఆమె వెనక్కి తిరిగింది.

రెండోది చక్కటి మేడ. కానీ ఆ సందులో దీపాల గాజుబుడ్లు వరసగా పగిలి ఉన్నాయి. పక్క సందులో అన్నీ బాగానే ఉన్నాయి. మూడోదానిలో గది చూపించారు. అన్నీ కుదిరాయి, తలుపుకు గొలుసు లేదు. మరలు ఊడదీసిన కన్నాలు మాత్రం ఉన్నాయి. వాటి కింద తివాచీ మీద చెక్కపొడి ఇంకా తుడవలేదు. సంబంధాలు చూసేవాళ్ళకు దొరికినట్టు ఒక్కోదానికి ఒక్కో వంక.

నాలుగో హోటల్లో వంక లేదు.

రద్దీగా ఉన్న వీధి. వెలుతురున్న గుమ్మం. గుమస్తా పెదవి కదపకుండా గది నంబరు చీటీ మీద రాసి బల్ల మీద జరిపాడు. మధ్య అంతస్తు, మెట్లు దగ్గర, కిటికీ వీధివైపు. గొలుసు కొత్తది. పిచ్చుక అలవాటుగా లోపలినుంచి దిమ్మ పెట్టి, మంచం మీద కూర్చుని 'హమ్మయ్య' అనుకుంది. అన్నయ్య బతికుంటే ఈ గదే ఎంచుకునేవాడు.

ఆ మాట మనసులో అనుకున్నాక ఒళ్ళు జల్లుమంది.

లేచి కిటికీ తెర కొద్దిగా తప్పించింది. ఎదురుగా టైలరు దుకాణం. రంగు ఆరీ ఆరని బోర్డు. పొద్దుటినుంచి ఇన్ని వీధులు తిరిగినా ఆమెకు టైలరు దుకాణమనేది ఒక్కటి కనబడలేదు. మెషిను ముందు ఒక మనిషి కూర్చుని తొక్కుతున్నాడు. మెడలో టేపు లేదు. సూది కింద గుడ్డ లేదు. ఉత్తి మెషిను తొక్కుతూ తలెత్తి సూటిగా ఈ కిటికీనే చూశాడు.

పిచ్చుకకు ఒక భోజనాల బల్ల గుర్తొచ్చింది. అన్నయ్య మజ్జిగ కలుపుకుంటూ అన్నాడు: "క్లాసులో చెప్పను గానీ, నేను ఎదురుగా టైలరు దుకాణం ఉన్న గదే చూసుకుంటాను. టైలరు పొద్దున్నే తెరుస్తాడు, చీకటిపడ్డా మూయడు, కళ్ళెప్పుడూ వీధి మీదే. అరిస్తే ముందు పరిగెత్తుకొచ్చేది అతనే." వదిన నవ్వింది. "అయితే కత్తెర పట్టుకుని నేనే ఎదురుగా కూర్చుంటాలెండి!"

మిగతావి క్లాసులో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. టైలరు సంగతి క్లాసులో చెప్పలేదు. ఆ బల్ల దగ్గరున్నది ముగ్గురు. ఒకడు పోయాడు. ఒకతె ఈ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

పగిలిన దీపాలు, ఊడదీసిన గొలుసు, మైకు గుమస్తా... చేపల్ని వలలోకి తోలినట్టు తోలారు. హోటల్ పేరు ఎవరూ ఎవరికీ చేరవెయ్యలేదు. చేరవెయ్యాల్సిన పనే లేదు. ఒకే గురువు దగ్గర ఒకే జాగ్రత్త నేర్చుకున్నవాళ్ళు ఊరంతా వడగట్టి చివరికి ఒకే గదిలో తేలతారు. ఆ ఒక్క గదినీ సిద్ధం చేసి కూర్చుంటే చాలు. పైగా లోపలినుంచి దిమ్మ పెట్టుకుని, కాపాడడానికి ఎవరూ రాకుండా తమ చేతులతో తామే బిగించుకుంటారు.

స్నానాలగదిలో వేడినీళ్ళ గీజరు వెనక గోడకు పచ్చిగా ఉన్న లప్పం. దాని మధ్యలో సూదిమొన పట్టేంత కన్నం. ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు తిప్పేది ఆ కుళాయే. తిప్పగానే ఆ కన్నంలోంచి విషవాయువు. అదే చప్పుడు చెయ్యని తుపాకీ.

పిచ్చుక కుర్చీని వీపు కిటికీ వైపు ఉండేలా జరిపి, దాని మీద తన కోటు వేసి, పైన తువ్వాలు చుట్టింది. తెర వెనకనుంచి చూసేవాడికి తల తుడుచుకుంటున్న మనిషిలా కనబడాలి. ఫ్రేముల పెట్టె అడుగునున్న నెరిసిన జుట్టు తలకు తగిలించుకుంది. దిమ్మకు దారం కట్టింది. ఊపిరి బిగబట్టి వేడినీళ్ళ కుళాయి తిప్పింది. సన్నటి బుసలాంటి చప్పుడు. ఒక్క అంగలో బయటపడి తలుపు మూసి, కింద సందులోంచి దారం లాగింది. దిమ్మ లోపల బిగుసుకుంది. దారం తెంపి జేబులో వేసుకుంది.

వరండాలో ఒక కుటుంబం గది ఖాళీ చేసి దిగుతోంది. అయిదారుగురు, పెట్టెలు, ఏడుస్తున్న ఒక పసిపిల్ల. నడుం వంచిన ముసలావిడ వాళ్ళ మధ్యలోకి చేరి పిల్ల వేలు పట్టుకుంది.

"చెప్పు జారిపోతోందే బంగారం, ఇలా రా."

"మీకెందుకు శ్రమ మామ్మగారూ!" అంది తల్లి.

"శ్రమేముందమ్మా, మనుషుల మధ్య నడిస్తే నా మోకాళ్ళకూ ధైర్యం."

గుమస్తా కళ్ళెత్తి చూసి దించుకున్నాడు. వాడు కాపలా కాస్తున్నది ఒంటరి మనిషి కోసం.

ఆ తర్వాత పిచ్చుక తిన్నగా స్టేషను పక్క హోటల్‌కే వెళ్ళింది.

"ముసలమ్మగారికి పదిహేను! ఒక్కరే! కింద, ఆఖర్న!" అని గుమస్తా ఊరికంతటికీ చాటాడు. "తాళం సరిగ్గా పడదండోయ్, గట్టిగా లాగాలి!"

"నీ నోరు చల్లగుండ, ఇంకాస్త గట్టిగా చెప్పు నాయనా, అవతలి వీధివాళ్ళకి వినబడలేదు."

కిటికీకి ఊచలు లేవు. పరుపు ఏనాటిదో. ఆ రోజు ఆ నగరంలో ఆమెకు అంత క్షేమమైన గది ఇంకోటి లేదు.

గడియారాల దుకాణం మూడింటికి తెరవలేదు. నాలుగింటికీ తెరవలేదు. పిచ్చుక ఎదుటి బస్టాపులో కూర్చుని నల్ల కళ్ళజోడు అంచుల్లోంచి వెనక మనుషుల్ని చూస్తూ, వచ్చిన బస్సునల్లా వదిలేస్తోంది. అయిదున్నరకు షట్టరు సగం లేచింది. లోపల, కంటికి భూతద్దం బిగించుకున్న పెద్దమనిషి.

"మా ఇంట్లో గడియారం ముందుకు నడుస్తోందండీ" అంది పిచ్చుక. కోడ్ వర్డ్.

"ముందుకు నడిచే గడియారాన్ని బాగుచెయ్యొచ్చు. ముందుకు నడిచే మనిషినే చెయ్యలేం." జవాబు సరిపోయింది. ఆయన షట్టరు దించేశాడు. "ఆలస్యమైంది. నా వెనక ఎవరో ఉన్నారనిపించి ఊరంతా తిరిగొచ్చాను."

"ఎక్కడ పెట్టారు?"

"రేవు దాటించే లాంచీలో. ఆరు గంటలది. నడిమధ్యకు వెళ్ళాక పేలుతుంది."

పిచ్చుక బల్ల అంచు పట్టుకుంది. సాయంత్రం డ్యూటీకి మేనకోడలు ఆస్పత్రికి వెళ్ళేది ఆ లాంచీలోనే.

"ఎలా ఆపాలి?"

"ఆపకూడదు! ఇంజను గదిలో గోడగడియారం ఉంటుంది. తీగ తెంపినా, గోడమీంచి తీసినా అంతే సంగతులు. ముల్లు వెనక్కి ఒక చుట్టు తిప్పాలి. ఆలస్యమైన గడియారాన్ని అందరూ ముందుకే తిప్పుతారు, వెనక్కి ఎవరు తిప్పుతారు? అందుకే తాళం అక్కడ పెట్టాను." ఆయన భూతద్దం తీసేశాడు. కంట్లో నీరుంది. "గని పనికి అన్నారమ్మా. లాంచీ అని నిన్న తెలిసింది."

ఇక మిగిలింది ఫోను. ఊళ్ళో ఉన్నది ఒక్కటే లైను. అది ఉన్నది తనను చంపించబోయిన మనిషి బల్ల మీద.

సెంటు షాపు తలుపు తీస్తే చిన్న గంట మోగింది. గులాబీలూ గంధమూ కలిసిన వాసన. వదిన ఎప్పటిలాగే ఉంది. నల్ల పట్టు గౌను, మెడలో ఒంటిపేట ముత్యాలు, అద్దంలో చూసుకుని చెక్కినట్టున్న కనుబొమలు. వీధిలో మగవాళ్ళు రెండోసారి తిరిగి చూసే మనిషి.

"ఏం కావాలి మామ్మగారూ?"

పిచ్చుక నెరిసిన జుట్టు లాగేసింది. "ఫోను కావాలి వదినా."

వదిన చేతిలోని సీసా జారి పగిలింది. మరుక్షణం ఆ చేతిలో పౌడరు డబ్బా ఉంది. దాని మూత కింద తుపాకీ గొట్టం.

"చచ్చావని కబురొచ్చింది."

"చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఎదురుగా టైలరును కూర్చోబెట్టావు చూడు, అది ఎక్కువైంది. కూర వండితే ఉప్పు రెండుసార్లు వేసే అలవాటు నీకింకా పోలేదు."

వదిన ముఖం పాలిపోయింది గానీ గొట్టం కదలలేదు. "నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఏ హోటలూ చెప్పలేదు. పట్టుకున్నారు, భయపడ్డాను. మీ అన్నయ్య నేర్పే జాగ్రత్తలు చెప్పాను, అంతే. ఆయనకు ఆఫీసులో కుర్చీ కదా, ఆయనే వస్తాడని నాకేం తెలుసు!"

"తర్వాత ఇద్దరు?"

"ఒకసారి చెప్పాక రెండోసారి కాదనడం వాళ్ళ దగ్గర కుదరదు. ఫోనుకు దూరంగా జరుగు. నిన్ను కాల్చడం నాకిష్టం లేదు."

"బాంబు ఎక్కడుందో చెప్పారా నీకు?"

"నాకనవసరం."

"ఆరు గంటల లాంచీలో."

గోడ మీద గడియారం ఆరుకు అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. వదిన దాని వైపు చూసింది. "అబద్ధం. ఆడబిడ్డ బుద్ధి చూపించావు. నా కూతుర్ని అడ్డం పెట్టుకుని..." అంది.

"ఈ వారం దానికి సాయంత్రం డ్యూటీ."

"ఒట్టు వెయ్యి."

"దాని మీదే వేస్తున్నా. ఇన్నేళ్ళు పెంచాను, దాని తల మీద ఒట్టు ఎప్పుడైనా వేశానా?"

వదిన చెయ్యి కిందికి దిగింది. "మొన్న వాళ్ళ మనిషొకడు అడిగాడు. 'మీ అమ్మాయి ఈ వారం ఊళ్ళోనే ఉంటుందా' అని. ఎంత మర్యాద అనుకున్నాను..." ఆమె పౌడరు డబ్బా బల్ల మీద పడేసి ఫోను లాక్కుంది. ముత్యాలు పట్టుకుని తెగేదాకా లాగుతోంది, తెలియకుండానే. అవతల మోగింది. ఎత్తారు. ఆమె రిసీవరు పిచ్చుక చేతిలో పెట్టింది.

"పిచ్చుక. ఆరు గంటల లాంచీ. ఇంజను గదిలో గోడగడియారం. గోడమీంచి తియ్యొద్దు, ఆపొద్దు, ముల్లు వెనక్కి ఒక చుట్టు తిప్పాలి. వెనక్కి! విన్నారా?"

"లైను వదలకు." పెద్దాయన ఇంకో ఫోనులో అరుస్తున్నాడు. రేవు ఆఫీసు. అక్కడ ఎవరో పరిగెత్తుతున్నారు. "తాడు విప్పేశారట... జనం నిండా ఉన్నారట..."

ఇద్దరాడవాళ్ళూ ఒక్క రిసీవరుకు చెరో చెవీ ఆనించి నిలబడ్డారు. వదిన గోళ్ళు పిచ్చుక మణికట్టులో దిగాయి. రేవులో లాంచీ కూత పెట్టింది. అది ఫోనులో చీమ ఏడ్చినంత సన్నగా వినబడింది. గోడ మీద ముల్లు ఆరు దాటింది. ఒక నిమిషం. ఇంకొకటి. ఇంకొకటి.

"ఒడ్డునుంచి మనవాడొకడు దూకి ఎక్కాడు" అన్నాడు పెద్దాయన. తర్వాత ఏమీ అనలేదు.

వదిన కళ్ళు మూసుకుంది.

"తిప్పాడు" అన్నాడు పెద్దాయన. "ముల్లు తిరిగింది. టిక్కుమని ఆగింది. లాంచీ వెనక్కి వస్తోంది. పిచ్చుకా, నీ మేనకోడలు గట్టు మీదే ఉందట. లాంచీ తప్పిపోయిందని రేవు గుమస్తాతో పోట్లాడుతోందట."

వదిన నవ్వింది. నవ్వుతూనే బల్ల కింద కూర్చుండిపోయింది. "ఎప్పుడూ ఆలస్యమే. పుట్టడం కూడా ఆలస్యమే పుట్టింది."

వీధిలో కారు ఆగిన చప్పుడైంది. తెర సందులోంచి పిచ్చుక చూసింది. టైలరు దిగాడు. వెనక ఇంకో ఇద్దరు. గదిలో కోటు తప్ప మనిషి లేదని తెలిసిపోయింది.

"పద వదినా. వెనక తలుపు ఉందిగా."

వదిన లేచి గౌను సర్దుకుంది. పౌడరు డబ్బా తీసుకుని మూత చూసుకుంది. "ఇద్దరం వెళ్తే ఇద్దరి వెనకా వస్తారు. సందు పొడుగు. ఎవరో ఒకరు వాళ్ళకి సెంటు చూపిస్తూ కబుర్లు చెప్పాలి."

"అది నిన్ను తీసుకురమ్మంది."

"తెచ్చి ఏం చెప్తావు దానికి? మీ నాన్నని..." ఆమె ఆపేసింది. "ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. మిగతా సగం కూడా నువ్వే ఏడిపించకు. వెళ్ళు."

"వదినా..."

"వెళ్ళవే, షాపు మూసే టైమైంది!"

పిచ్చుక వెనక తలుపులోంచి సందులో పడింది. ముందువైపు గంట మోగింది. "రండి, ఈరోజు కొత్త సరుకు వచ్చింది" అంటున్న వదిన గొంతు, ఎంతో మర్యాదగా. సందు మలుపు తిరిగేలోగా మూడు చప్పుళ్ళు వినబడ్డాయి. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఆగిపోయేది.

మర్నాటి విమానంలో ఇల్లు చేరింది. తలుపు తీసిన మేనకోడలు అత్త వెనక మెట్ల వైపు చూసింది, ఇంకొకరు వస్తున్నారేమోనని. చాలాసేపు అలాగే చూసింది.

పెద్దాయన ఫైలు మూసి, గోడను చూస్తూ, హోటల్ ఎంచుకోవడానికి కొత్త నియమాలు రాసివ్వమన్నాడు.

"నియమాలొద్దండీ. ఎవరికి తోచిన హోటల్లో వాళ్ళు దిగితే ముఠాకి పిచ్చెక్కుతుంది" అంది పిచ్చుక. "స్టేషను పక్కది నాకు బాగానే ఉంది. తాళం ఒక్కటే పడదు."

అన్నయ్య తిరిగి రాలేదు, రెండేళ్ళ కిందటి వానాకాలంలో. వదిన తిరిగి రాలేదు, మొన్న బుధవారం సాయంత్రం.